విల్లు దించడం

టార్గెట్ నడిమధ్యలోని పసుపు రంగు కనబడితే చాలు, నా వేళ్లు నా మాట వినేవి కావు. విల్లు ఎత్తి, నారి లాగి, విల్లుకి బిగించిన గురి చూసే సైట్‌లోని చుక్క ఇంకా టార్గెట్ కింది భాగంలో నీలం దగ్గర తచ్చాడుతుండగానే బాణం వెళ్లిపోయేది. నేను వదిలానని చెప్పలేను. వదలాలని అనుకునేలోపే వెళ్లిపోయేది. పాలు పొంగుతుంటే చేయి దానంతటదే స్టవ్ మీదికి పోతుంది చూడండి, అచ్చం అలాగ. వంటింట్లో ఆ తొందర పాలను కాపాడుతుంది. గ్రౌండ్‌లో మాత్రం 70 మీటర్ల అవతల బాణాన్ని నల్ల రింగులోకో, ఒక్కోసారి ఏకంగా గడ్డిలోకో తోస్తుంది.

దీనికి ఆర్చరీలో టార్గెట్ ప్యానిక్ అని పేరు. ఇది అందరికీ ఒకేలా రాదు. నాలాంటి వాళ్లకి గురి కుదరకముందే వేళ్లు విడిపోతాయి. కొందరికి చుక్క పసుపు కింద ఎక్కడో అతుక్కుపోతుంది, ఎంత బలవంతం చేసినా పైకి ఎక్కదు. ఇంకొందరికి గురి బాగానే కుదురుతుంది, వదలడమే చేతకాదు. లాగి పట్టుకుని పట్టుకుని చేతులు వణుకుతాయి. కొత్తగా నేర్చుకునే పిల్లల్లో నేనిది పెద్దగా చూడలేదు. కాస్త స్కోరు రావడం మొదలై, ఆ స్కోరు మీద ఆశ పుట్టాకే పట్టుకుంటుంది. నాకూ రాష్ట్ర స్థాయి పోటీలకి పేరు ఇచ్చిన ఏడాదే వచ్చింది.

నేను హనుమకొండలో ఉంటాను, ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. వేసవి సెలవుల్లో మా అమ్మాయిని ఆర్చరీ క్యాంపులో చేర్పించాను. గేటు బయట స్కూటీ మీద కూర్చుని ఎదురుచూడలేక నేనూ ఓ వెదురు విల్లు పట్టుకున్నాను. క్యాంపు అయ్యాక అమ్మాయి బ్యాడ్మింటన్‌కి పోయింది, నేను ఉండిపోయాను. నలభై దాటాక ఇదేం పిచ్చి అని మా అత్తమ్మ అంది. అన్నది ఆమే, నేను పొద్దున్నే గ్రౌండ్‌కి పోయి వచ్చేసరికి టిఫిన్ బాక్స్ కట్టి పెట్టేదీ ఆమే.

మా బ్యాచ్‌లో అందరూ పిల్లలే. ఈమధ్య ఆడపిల్లలు ఎక్కువయ్యారు. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో ప్రపంచ యూత్ చాంపియన్ అయ్యాక "మా పాపకి కూడా ఆ చక్రాల విల్లే నేర్పండి" అంటూ తల్లిదండ్రులు వస్తున్నారు. చక్రాలుండేది కాంపౌండ్ విల్లు. పూర్తిగా లాగాక నారిని పట్టుకునే బరువు చాలావరకు తగ్గిపోతుంది, కాబట్టి కాసేపు నిలబెట్టుకుని గురి చూసుకోవచ్చు. నాది రికర్వ్, ఇన్నాళ్లుగా ఒలింపిక్స్‌లో వాడుతున్నది. ఇందులో ఆ సుఖం లేదు. ఎంత లాగితే అంత బరువు మూడు వేళ్ల మీదే ఉంటుంది. నా విల్లు లాగుడు బరువు 30 పౌండ్లకి కొంచెం పైన. చెప్పుకోవడానికి చిన్న అంకే గానీ, పట్టుకుని నిలబడితే మూడు నాలుగు సెకన్లు దాటగానే భుజం గొణగడం మొదలుపెడుతుంది.

ఈ కథలో క్లిక్కర్ అనే చిన్న వస్తువుది పెద్ద పాత్ర. హెయిర్ క్లిప్ రేకంత సన్నటి స్టీలు పట్టీ. విల్లు పిడికి పైన, బాణం పక్కన బిగించి ఉంటుంది. బాణాన్ని దాని కిందుగా దూర్చి లాగుతాం. బాణం మొన సరిగ్గా ఆ పట్టీ అంచుకి వచ్చేదాకా లాగాలి, అక్కడి నుంచి ఇంకో రెండు మిల్లీమీటర్లు కదలాలి. ఆ రెండు మిల్లీమీటర్లు చేత్తో లాగితే రావు, వీపు వెనక రెక్కలు ఒకదానికొకటి దగ్గరైతే వస్తాయి. మొన జారగానే పట్టీ 'టిక్'మని విల్లుకి కొట్టుకుంటుంది. ఆ శబ్దానికే వేళ్లు వదలాలి. ప్రతి బాణాన్నీ ఒకే పొడవు లాగేలా చూడటం దీని మొదటి పని. గురి సంగతి కంటికీ, వదిలే సంగతి చెవికీ అప్పజెప్పి రెంటినీ వేరు చేయడం రెండో పని. నా ప్యానిక్ ముదిరాక నేను టిక్ కోసం ఆగేదాన్ని కాదు. క్లిక్కర్ కింద బాణం ఇంకా అర సెంటీమీటరు లోపలే ఉండగా వేళ్లు విడిచేసేవి.

మా కోచ్ నాకంటే పదిహేనేళ్లు చిన్న. మీరు అంటూనే ముక్కుసూటిగా మాట్లాడతాడు. ఓ రోజు నా వెనక నిలబడి ఒక ఎండ్ మొత్తం చూశాడు. ఎండ్ అంటే ఆరు బాణాల దఫా. చూసి ఇలా అన్నాడు:

"మేడం, ఇడిసిపెట్టుడు మీకు మంచిగనే వచ్చు. ఇడిసిపెట్టకుంట ఉండుడే రాదు."

"అంటే?"

"ఇప్పుడు లాగి, గురి వెట్టి, బాణం ఇడ్వకుంట విల్లు దించుండ్రి. సూస్త."

ఎంతసేపని, అదేం పని అనుకున్నాను. లాగాను, గురి పెట్టాను, పసుపు కనబడింది, బాణం పోయింది. మళ్లీ లాగాను. మళ్లీ పోయింది. దించడానికే లాగానని నాకు తెలుసు, వేళ్లకి తెలియలేదు. పక్కనున్న ఏడో తరగతి పిల్లవాడు నవ్వు ఆపుకోలేక బూట్ల లేసు కట్టుకునే వంకతో వంగాడు.

ఆ రోజు నుంచి సార్ నా టార్గెట్ పేపర్ తీసేశాడు. వట్టి దిమ్మ ముందు మూడు మీటర్ల దూరంలో నిలబడి, సైట్ విప్పేసి, కళ్లు మూసుకుని బాణాలు వేయడం. అంత దగ్గర నుంచి దిమ్మ తప్పడమన్నది ఉండదు కాబట్టి గురి బెంగ లేదు. గడ్డం కింద చేయి ఎక్కడ ఆనింది, నారి ముక్కు కొసకి తగిలిందా, వీపు పని చేస్తోందా, టిక్ వినబడిందా, ఇంతవరకే. మొదటి వారం బాగుంది. ఆ తర్వాత విసుగు. నిజం చెప్పాలంటే మహా విసుగు. పిల్లలు 70 మీటర్ల దగ్గర పదులూ తొమ్మిదులూ అరుచుకుంటుంటే, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డ దానిలా కళ్లు మూసుకుని దిమ్మకి చిల్లులు పెడుతూ ఉండేదాన్ని. చాలామంది ఈ దశలోనే వదిలేస్తారట. నాకు మాత్రం లెక్కల టీచర్ బుద్ధి సాయపడింది. ఎక్కం రాని పిల్లకి భాగహారం చెప్పలేం, వెనక్కి వెళ్లాల్సిందే.

తర్వాత పేపర్ తిరిగి వచ్చింది, కొత్త షరతుతో. ప్రతి బాణానికీ ముందు రెండుసార్లు లాగి, పసుపులో చుక్క నిలిపి, వదలకుండా దించాలి. మూడోసారి మాత్రమే వేయాలి. అది కూడా టిక్ వినబడితేనే.

దించడం గురించి రెండు ముక్కలు చెప్పాలి, చూసేవాళ్లకి అది పనే కాదనిపిస్తుంది కాబట్టి. లాగిన విల్లు అంత బరువుతో ముందుకి గుంజుతుంటే, ఆ గుంజుడుకి లొంగకుండా నారిని మెల్లగా ముందుకి సాగనంపాలి. ఆ మొత్తం సేపూ బాణం టార్గెట్ వైపే చూస్తుండాలి. చేయి జారినా బాణం దిమ్మకే తగలాలి, ఆకాశంలోకి పోకూడదు. బాణం మధ్యలో ఊడి పడిపోయిందా, నారిని మాత్రం వదలకూడదు. బాణం లేకుండా నారి వదిలితే ఆ శక్తంతా విల్లులోనే దిగి, పైనా కిందా వంగే దాని కొమ్మలు, అంటే లింబ్స్, పగిలిపోవచ్చు. వేయడం కంటే దించడానికే ఎక్కువ బలం పడుతుందని నాకు మరుసటి రోజు పొద్దున వీపు చెప్పింది.

అలవాటయ్యాక వేళ్లకీ పసుపుకీ మధ్య ఉన్న ముడి కొంచెం కొంచెంగా సడలింది. పసుపు కనబడటమంటే వదలమని కాదు, కనబడటమే అన్న సంగతి శరీరానికి ఎక్కింది. అయితే ఇదంతా ప్రాక్టీసులో. వెనక ఎవరూ లేనప్పుడు, టైమర్ లేనప్పుడు, పోతే ఏమీ పోనప్పుడు. పోటీ టెన్షన్ వేరు.

ఆ టెన్షన్ గురించి నాకు కళ్లు తెరిపించింది ఒక ఫోన్ కాల్. మా బాబాయి కొడుకు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాడు. అక్కడ లైసెన్స్ తీసుకుని సెప్టెంబర్ మధ్య నుంచి విల్లుతో జింకల వేట చేయొచ్చు. ఆఫీసులో ఎవరో అలవాటు చేశారు వాడికి. చెట్టుకి కట్టిన చిన్న మంచె లాంటి దాని మీద, నడుముకి బెల్టు బిగించుకుని, చీకటితోనే ఎక్కి కూర్చుంటారట. ఇక్కడ 1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చాక జింక మీద బాణం వేస్తే జైలే. మాకు జింకలు తీరిగ్గా చూడాలంటే హంటర్ రోడ్డులో ఉన్న జూకి పోవాలి. అందుకని వాడి వేట మీద నాకు మొదట్లో పెద్ద గౌరవం లేదు. ఇప్పటికీ మాంసం ఫొటోలు పంపొద్దనే చెప్తాను. కానీ ఆ ఆదివారం రాత్రి నా వేళ్ల గోల చెప్పుకుంటే వాడు నవ్వలేదు.

"అక్కా, గంటలు గంటలు ఏమీ ఉండదు. చలికి కాళ్లు కొయ్యబారి ఉంటాయి. ఒక్కసారి ఆకుల చప్పుడు వినబడుతుంది, అంతే, గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. మోకాళ్లు వణికి మంచె ఊగుతుంది. వీళ్లు దాన్ని బక్ ఫీవర్ అంటారు. ఇరవై ఏళ్ల నుంచి వేటాడేవాళ్లకి కూడా వస్తుంది."

"మరి ఏం చేస్తావ్?"

"కొమ్ములు చూడను. కొమ్ములు చూశానంటే అయిపోయినట్టే. ముందు కాలు వెనక, భుజం పక్కన ఒక్క వెంట్రుకల కుచ్చు ఎంచుకుని దాన్నే చూస్తా. దాని తల చెట్టు చాటుకి పోయినప్పుడే విల్లు లాగుతా. అడ్డంగా తిరిగి నిలబడితేనే వదలాలి. నాకు ఎదురుగా తిరిగి ఉంటే వదలను, బాణం సరైన చోట దిగదు, గాయంతో పోయి ఎక్కడో బాధపడి చస్తుంది."

"లాగి పట్టుకున్నాక అది తిరగకపోతే?"

"దించేస్తా. మొన్న అదే అయింది. ఇరవై గజాల్లో నిలబడింది. నిమిషం పైనే లాగి పట్టుకున్నా, కాంపౌండ్ కాబట్టి సరిపోయింది. తిరగలేదు. చేతులు వణకడం మొదలైంది, దించా. ఆ కదలికకి తల ఎత్తి చూసి పోయింది. మా ఆఫీసాయన శభాష్ అన్నాడు."

వేట మీద నా అభిప్రాయం మారలేదు గానీ, ఆ 'దించా' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా టార్గెట్ పారిపోదు. గాయపడదు. అయినా నాకు అదే పారిపోతుందన్నంత కంగారు. వాడికి నిజంగానే పారిపోతుంది, వాడు దించుతున్నాడు.

కొన్నాళ్లకి తాడ్వాయి వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేసే స్నేహితురాలి దగ్గరికి వెళ్లినప్పుడు ఈ విషయమే ఒక కోయ తాతతో మాట్లాడాను. వయసులో ఉండగా వెదురు విల్లుతో వేటకి వెళ్లినవాడు. ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు వాకిట్లో నులక మంచం మీద కూర్చుని మనవరాలికి జడ వేస్తున్నాడు. నా ప్రశ్నని చాలా తెలివైన ప్రశ్న అనుకుని అడిగాను: జంతువు ఎదురుగా వచ్చినప్పుడు చేతులు వణికేవి కావా తాతా?

"వణకకుంట ఎట్లుంటయ్ బిడ్డా? ఇంట్ల అందరికి ఆకలైతాంటది గదా."

అంతకు మించి దాని గురించి ఏమీ అనలేదు. వణకడం ఆయనకి సమస్యగానే తోచలేదు. నేను మళ్లీ మళ్లీ అడిగితే, మేత మేయడానికి తల వంచినప్పుడు లాగాలి, తల ఎత్తితే లాగిన చేయి లాగినట్టే ఆగాలి, దాని చెవులు మన వైపు తిరిగితే ఇక ఆ రోజుకి అంతే, అని చెప్పి జడ పని ముగించాడు.

వణుకు పోవాలని కూర్చుంటే కుదరదని నాకు అప్పటికి అర్థమైంది. టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021లో, విలుకాళ్ల గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో టీవీ తెర మీద వేసి చూపించారు. అంత పెద్దవాళ్ల అంకెలు కూడా పైకి ఎగబాకడం అందరం చూశాం. మహిళల ఫైనల్లో కొరియా అమ్మాయి ఆన్ సాన్, రష్యన్ అమ్మాయి ఒసిపోవా 5-5తో సమానమై ఒక్క బాణం షూటాఫ్‌కి వెళ్లారు. ఒసిపోవా 8 కొట్టింది, ఆన్ సాన్ 10 కొట్టింది. గుండె అదుపులోకి వచ్చాక వేద్దామంటే ఆ ఇద్దరూ ఇప్పటికీ లైన్ మీదే ఉండేవాళ్లు.

గుండెకి ఆర్డర్ వేయలేం గానీ, ఊపిరికి వేయొచ్చు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకని లైన్ మీదికి వెళ్లేముందు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం మొదలుపెట్టాను. విల్లు ఎత్తేటప్పుడు పీల్చి, గడ్డం కింద చేయి ఆనేసరికి సగం వదిలి, మిగతా సగం అక్కడే ఆపడం. ఇది పెద్ద రహస్యమేమీ కాదు. అందరికీ తెలిసినదే. పోటీ రోజు గుర్తుండటమే కష్టం. అందుకే పసుపు మీద కాకుండా ఊపిరి మీదా, టిక్ మీదా మనసు పెట్టడం అలవాటు చేసుకున్నాను. మనసుకి పని లేకపోతే స్కోరు లెక్కలు వేస్తుంది. నాలాంటి లెక్కల టీచర్ మనసైతే మరీ.

ఈ మధ్యలో సలహాలకి కొదవ లేదు. స్టాఫ్‌రూంలో ఒక సార్, ఆయనకి బీపీ, "నేను వేసుకునే మాత్ర సగం వేసుకోండి మేడం, గుండె దడ ఇట్టే తగ్గుతుంది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. బీటా బ్లాకర్లనే ఆ మందులు నిజంగానే గుండె వేగం తగ్గిస్తాయి, చేతి వణుకూ తగ్గిస్తాయి. సరిగ్గా అందుకే ఆర్చరీలో వాటిని నిషేధించారు. పోటీ రోజున మాత్రమే కాదు, మిగతా రోజుల్లో కూడా. అదలా ఉంచితే, డాక్టరు చెప్పకుండా ఇంకొకరి బీపీ మాత్ర మింగడమేంటి? నేను మానింది టీ ఒక్కటే. పోటీ పొద్దున టీ తాగితే నా వేళ్లలో సన్నటి వణుకు తెలుస్తుంది. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, కాబట్టి వారం ముందు నుంచే తగ్గిస్తూ వస్తాను. మొత్తం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా కష్టమైనది ఇదేనంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

మా కోచ్ సార్ ప్రాక్టీసులోకే టెన్షన్ తెచ్చిపెట్టాడు. గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్ ఉరికించి, ఆయాసం తగ్గకముందే లైన్ మీద నిలబెట్టి, ఫోన్లో బజర్ పెట్టేవాడు. ఒక బాణం, 40 సెకన్లు. వెనక పిల్లలంతా నిలబడి గోల. తప్పితే అందరికీ సమోసాలు నా ఖర్చు. పిల్లలు ఆ పందెం కోసం పడిన శ్రమ చదువు మీద పెడితే అందరికీ పది జీపీఏ వచ్చేది. ఒకడైతే సరిగ్గా నేను గడ్డం కింద చేయి ఆనించే క్షణానికి మా హెడ్మాస్టర్ గొంతు అనుకరించేవాడు. ఆ నెల సమోసాల బండి ఆయన నన్ను చూస్తే దూరం నుంచే నవ్వేవాడు. కానీ ఆ గోలలోనే నేను మొదటిసారి అనుకోకుండా దించాను. గురి ఊగుతోంది, టిక్ రావట్లేదు, చేయి దానంతటదే మెల్లగా ముందుకి వచ్చేసింది. ఎవరూ దించమనలేదు. వెనక నుంచి సార్ "ఆఁ, గదీ" అన్నాడు.

ఇక పోటీ. సంక్రాంతి తర్వాత, పక్క జిల్లా కేంద్రంలో. పొద్దున మంచు, తొమ్మిదికల్లా ఎండ, పదకొండుకి గాలి. టార్గెట్ల పైన కట్టిన చిన్న జెండాలు ఒక్కోటి ఒక్కో దిక్కు చూపిస్తున్నాయి. ముందు ర్యాంకింగ్ రౌండ్: 72 బాణాలు, ఆరేసి చొప్పున, ఎండ్‌కి నాలుగు నిమిషాలు. రెండు బజర్లు మోగితే లైన్ మీదికి, ఒక బజర్‌కి మొదలు, మూడింటికి వెళ్లి బాణాలు తెచ్చుకోవడం. చివరి 30 సెకన్లలో పసుపు లైటు వెలుగుతుంది. ఆ లైటు చూస్తేనే ఇదివరకు నాకు వేళ్లు జారేవి. ఈసారి లైటు వెలిగేలోపే ఆరు బాణాలూ అయిపోయేలా చూసుకున్నాను. నాలుగైదుసార్లు దించాను కూడా. స్కోరు గొప్పగా లేదు, మధ్యాహ్నం మ్యాచ్‌లకి చాలింది.

మ్యాచ్‌లో లెక్క వేరు. సెట్‌కి మూడు బాణాలు. సెట్ గెలిస్తే రెండు పాయింట్లు, సమానమైతే చెరొకటి, ముందు ఆరు ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్టు. 70 మీటర్ల టార్గెట్ అడ్డంగా 122 సెంటీమీటర్లు, అందులో పది రింగు 12.2 సెంటీమీటర్లు. లైన్ మీది నుంచి చూస్తే మొత్తం టార్గెట్టే చేయి చాచి పట్టుకున్న చొక్కా గుండీ అంత కనిపిస్తుంది, ఇక పది రింగు సంగతి చెప్పనక్కర్లేదు. నా ఎదురు నిజామాబాద్ నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయి. నాకు నమస్తే పెట్టి, "ఆల్ ది బెస్ట్ ఆంటీ" అంది. ఆంటీ అన్నందుకు మొదటి సెట్ నేనే గెలిచాను. తర్వాత రెండు ఆమె. మొత్తానికి ఐదు సెట్లు అయ్యేసరికి 5-5.

షూటాఫ్. ఒక్క బాణం. ఇద్దరం ఒకేసారి, 40 సెకన్లు.

గుండె చెవుల్లో కొట్టుకోవడమంటే ఏంటో అప్పుడు తెలిసింది, మా తమ్ముడు అబద్ధం చెప్పలేదు. అరచేయి చల్లబడింది. నోరు ఎండింది. వెనక ఎవరో నా పేరు పెట్టి అరుస్తున్నారు, ఎక్కడో నీళ్లలో నుంచి వినబడుతున్నట్టుంది. బజర్. పక్క అమ్మాయి వెంటనే లాగింది. నేను ఒకసారి ఆరు అంకెల ఊపిరి వదిలి, ఎత్తి, లాగాను. చేయి ఆనింది. నారి ముక్కుకి తగిలింది. చుక్క పసుపులోకి వచ్చింది, పోయింది, వచ్చింది. టిక్ రాలేదు. పక్కన ఆమె బాణం వెళ్లిన చప్పుడు వినబడింది. నా జెండా ఒక్కసారిగా ఎడమకి తిరిగింది. భుజం బిగుసుకుంటోంది. ఇప్పుడు వదిలేస్తే అయిపోతుంది అని ఒక గొంతు. పాత గొంతే, బాగా తెలిసినదే.

దించాను.

టైమర్ వైపు చూస్తే 19 అని ఉంది. వెనక నుంచి "అయ్యో" అని ఎవరో అన్నారు. నాకు మాత్రం అప్పుడు వచ్చిన తీరిక ఇంతకుముందెప్పుడూ రాలేదు. గుండె అలాగే కొట్టుకుంటోంది, ఏమీ తగ్గలేదు. కానీ ఇంక అది నా పనికి అడ్డం రావట్లేదు. నారి ఒరుసుకోకుండా వేళ్లకి తొడుక్కునే ట్యాబ్ సర్దుకున్నాను. పీల్చాను. లాగాను. ఈసారి చుక్క ఊగుతుంటే ఊగనిచ్చాను. వీపు వెనక రెక్కలు దగ్గరవుతున్నాయి, అంతే చూసుకున్నాను. టిక్. వేళ్లు విడిపోయాయి. టైమర్‌లో ఎంత మిగిలిందో నేను చూడలేదు, పసుపు లైటు చాలాసేపటి నుంచే వెలుగుతోందని మా అమ్మాయి తర్వాత చెప్పింది.

ఆమెది 7. నాది 8, కుడివైపు గీత ఆనుకుని. గీత తగిలితే పై రింగు పాయింటే ఇస్తారు, అయినా జడ్జి భూతద్దం పెట్టి చూసేదాకా నేను బాణాల డబ్బా దగ్గరే నిలబడ్డాను.

తర్వాతి రౌండ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి చేతిలో 6-0తో ఓడిపోయాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా దించలేదు, దించే అవసరమే రాలేదు. లాగితే టిక్, టిక్ అంటే పసుపు. సెట్ల మధ్య జామకాయ తింటూ నిలబడింది. అంతటి నిదానం ఎక్కడిదని అడిగితే "టెన్షన్ ఎందుకు ఆంటీ?" అని నన్నే అడిగింది. ఆ వయసు పిల్లల దగ్గర నేర్చుకోవడానికి నాకేమీ లేదు, అసూయ పడటానికి బోలెడు ఉంది.

ఇప్పుడు సార్‌కీ నాకూ కొత్త వాదన నడుస్తోంది. పెద్ద పోటీల ఫైనల్ రౌండ్లలో ఇద్దరూ ఒకేసారి వేయరు, ఒకరి తర్వాత ఒకరు, బాణానికి 20 సెకన్లే. ఆ 20 సెకన్లలో ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి వేయడం కుదరదని నేను. తొందరగా నిర్ణయం తీసుకుంటే కుదురుతుందని ఆయన. రోజూ ఫోన్లో టైమర్ పెట్టి చూస్తున్నాం. టైమర్‌లో పన్నెండు మిగిలి ఉండగానే దించేస్తే రెండో లాగుడుకి సమయం సరిపోతోంది, పది అయ్యిందంటే సమోసాలే. అసలు ఆ ఫైనల్ రౌండ్ల దాకా వెళ్లే స్కోరు ముందు రావాలి కదా అంటే, అది వేరే ముచ్చట అంటున్నాడు.